దుకాణంలో స్కానర్ ఉంచాలా, తీసేయాలా? మన వరంగల్ వైపు వాళ్ళు చెప్పండి

కిషన్‌పుర కిరాణా
అందరికీ నమస్తే. హన్మకొండలో మాది చిన్న కిరాణా దుకాణం, నాన్న పెట్టింది. 2019 నుంచి యూపీఐ స్కానర్ ఉంది. ఇప్పుడు పదిమంది గిరాకీ వస్తే ఏడుగురు ఫోన్‌తోనే కొడుతున్నారు. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు ఇచ్చినప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. హావేరిలో కూరగాయలు అమ్మే ఆయనకు నాలుగేళ్ళలో 1.63 కోట్లు జమ అయ్యాయని 29 లక్షలు కట్టమన్నారట. నా ఖాతాలో పోయిన ఏడాది జమ మొత్తం 31 లక్షలు చూపిస్తోంది. అందులో చిట్టీ ఎత్తిన పైసలు, ఊళ్ళో పొలం కౌలు, చెల్లె పెళ్ళికి బావమరిది ఇచ్చిన చేబదులు అన్నీ కలిసి ఉన్నాయి. మూడు విషయాలు అడుగుతున్నా. స్కానర్ తీసేయాలా? దుకాణానికి వేరే ఖాతా తెరవాలా? పైసలు పడగానే చెప్పే సౌండ్ బాక్స్‌కు నెలనెలా 125 కట్ అవుతోంది, దాన్ని ఆపడం ఎలా?

పోచమ్మమైదాన్ టిఫిన్స్
తీసేయండి అన్నా, నా మాట వినండి. మార్చిలో ఒకరోజు పొద్దున పాలాయనకు పైసలు కొడితే పోలేదు. బ్యాంకుకు పోతే, వేరే రాష్ట్రం సైబర్ పోలీసులు మీ ఖాతా ఆపమన్నారు అని చెప్పారు. ఎవరినో మోసం చేసిన డబ్బుతో ఎవడో మా దగ్గర 240 రూపాయల టిఫిన్ తిని స్కాన్ చేసి పోయాడు. ఆ 240 కోసం నా 86 వేలు ఆపారు. వచ్చినవాడు దొంగో దొరో ఇడ్లీ పెట్టేదానికి నాకెట్లా తెలుస్తుంది? 41 రోజులు తిరిగాను. పిండికి, గ్యాస్‌కు మిత్తికి తెచ్చి నడిపించాను. ఆ మిత్తి ఎవరిస్తారు?

మడికొండ కోడర్
అక్కా, మీకు జరిగింది అన్యాయమే. కానీ దానికి స్కానర్ తీసేయడం పరిష్కారం కాదు, ఆ 240 వరకే ఆపి మిగతాది వదలమని గట్టిగా అడగాలి. అసలు ప్రశ్న అడిగిన అన్నకు చెప్పేది ఏంటంటే అనవసరంగా టెన్షన్ పడుతున్నారు. వస్తువులు అమ్మేవాళ్ళకు ఏడాదికి 40 లక్షల వరకు జీఎస్టీ రిజిస్ట్రేషనే అక్కర్లేదు. మీది 31. హాయిగా పడుకోండి. చిన్న దుకాణదారుకు పైసా రుసుము లేకుండా ఇంత మంచి పేమెంట్ సిస్టమ్ ఉంది, దాన్ని భయంతో వదులుకోకండి.

లెక్కల మనిషి, రంగశాయిపేట
తెలియకపోతే రాయకండి దయచేసి. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళో దుకాణాల లెక్కలు రాస్తున్నాను, జీఎస్టీకి ముందున్న వ్యాట్ పన్ను రోజుల నుంచి. తెలంగాణలో పరిమితి 40 కాదు, 20 లక్షలు. 2019లో 40కి పెంచినప్పుడు కొన్ని రాష్ట్రాలు తీసుకోలేదు, వాటిలో మనది ఒకటి. రోజుకు సగటున 5,480 రూపాయల అమ్మకం దాటితే మీరు రిజిస్ట్రేషన్ లెక్కలోకి వచ్చినట్టే. హన్మకొండలో నడిచే ఏ కిరాణా దుకాణమైనా దాటుతుంది.

కాజీపేట జంక్షన్
మా ఆడిటర్ కూడా 40 అనే చెప్పాడే. ఆంధ్రలో మా తోడల్లుడికి 40యే. ఒకే దేశం ఒకే పన్ను అన్నారు కదా, సరిహద్దుకు అవతల ఒకటి ఇవతల ఒకటి ఎందుకుంటుంది?

మడికొండ కోడర్
అదే కదా. ఏ వెబ్‌సైట్ తెరిచినా 40 అనే ఉంది.

లెక్కల మనిషి, రంగశాయిపేట
వెబ్‌సైట్ చూసి పన్ను కడతారా? సెంట్రల్ ట్యాక్స్ నోటిఫికేషన్ నంబరు 10, 2019 సంవత్సరానిది, తీసి చదవండి. మినహాయించిన రాష్ట్రాల జాబితాలో తెలంగాణ పేరు ఉంటుంది, పుదుచ్చేరి, ఉత్తరాఖండ్ కూడా ఉంటాయి. మీలాంటివాళ్ళ మాట నమ్మి పోయిన ఏడాది నా దగ్గరికి వచ్చిన ఒక ప్లైవుడ్ దుకాణం ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. కంప్యూటర్ ముందు కూర్చుని సలహాలు చెప్పడం తేలిక, నోటీసు పట్టుకుని ఆఫీసు మెట్లెక్కేది వేరేవాళ్ళు.

మడికొండ కోడర్
చదివాను. తెలంగాణ ఉంది. నేను రాసింది తప్పు, ఒప్పుకుంటున్నా. కానీ మీరు మాట్లాడిన పద్ధతి బాగాలేదు సార్. మా నాన్న కూడా పరకాలలో దుకాణం నడిపాడు, మెట్లెక్కడం అంటే ఏంటో మాకూ తెలుసు.

ఆత్మకూరు పత్తి రైతు
స్కానర్ తీసేయండి అంటే నగదే మేలు అన్నట్టే కదా. నగదు ఎవరికి మేలు? 2024 సీజన్‌లో 22 క్వింటాళ్ళ పత్తి యార్డుకు తెచ్చాను. మద్దతు ధర 7,521 ఉన్న ఏడాది. తేమ ఉందని ప్రైవేటు వ్యాపారి 6,600 రాశాడు, సరే అనుకున్నా. కాంటా అయ్యాక అడ్తి (కమీషన్ ఏజెంటు) దగ్గర కూర్చుంటే, పైసలు ఈ రోజే కావాలంటే నూటికి రెండు కటింగ్ అన్నాడు. నా పంట పైసలు నాకివ్వడానికి నన్నే మిత్తి అడిగాడు! 2,900 పోయాయి. ఖాతాలో వేయి సేటూ అంటే పదిహేను రోజులు ఆగమన్నాడు. ఫోన్ కొడితే టిఫిన్ పైసలు రెండు సెకన్లలో పోతాయి కదా, మరి రైతు పైసలకే పదిహేను రోజులు ఎందుకు? దీనికి సమాధానం చెప్పండి ముందు.

గ్రెయిన్ మార్కెట్ గుమస్తా
అన్నా, అడ్తి వాళ్ళందరినీ ఒకే గాటన కట్టకండి. మిల్లు నుంచి మాకు పైసలు రావడానికే పది పన్నెండు రోజులు పడుతుంది. అప్పటిదాకా మేము చేతి నుంచి పెట్టాలి. విత్తనాలకు, మందులకు జూన్‌లో ఉద్దెర ఇచ్చేది ఎవరు? బ్యాంకు ఇస్తుందా?

ఆత్మకూరు పత్తి రైతు
ఉద్దెరకు నూటికి రెండు రూపాయల మిత్తి వేసి, పంట మీదే పడి వసూలు చేసుకుంటారు. ఇచ్చేటప్పుడు మిత్తి, తీసుకునేటప్పుడు కటింగ్. తక్‌పట్టీ (అమ్మకం చీటీ) మీద ఆ కటింగ్ రాయమంటే ఒక్కరూ రాయరు. రాయనిది న్యాయమైన సొమ్ము ఎట్లయితది?

లెక్కల మనిషి, రంగశాయిపేట
రైతన్న చెప్పింది ముమ్మాటికీ నిజం, పట్టీ మీద లేని కోత చెల్లదు. మార్కెట్ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి.

సింగరేణి బిడ్డ, భూపాలపల్లి
ఇదంతా 2016 నవంబరు 8 రాత్రి మొదలైంది. ఆ రోజు మా అమ్మ చీరల మడతల్లో దాచుకున్న 14 వేలు మార్చడానికి మూడు రోజులు లైన్లో నిలబడ్డాను. నల్లధనం పోతుందన్నారు. రద్దయిన నోట్లలో 99.3 శాతం తిరిగి వచ్చేశాయని రిజర్వు బ్యాంకే 2018లో చెప్పింది. మరి పోయిందేంటి? మా అమ్మ రహస్యంగా దాచుకునే హక్కు పోయింది.

ఎన్జీవోస్ కాలనీ
ప్రతిదానికీ నోట్ల రద్దు తెస్తారు. ఆ నిర్ణయం వల్లే కదా ఇవాళ కూరగాయల అవ్వ దగ్గర కూడా స్కానర్ ఉంది.

సింగరేణి బిడ్డ, భూపాలపల్లి
యూపీఐని 2016 ఏప్రిల్‌లోనే తెచ్చారు, రఘురాం రాజన్ గవర్నర్‌గా ఉన్నప్పుడు. నోట్ల రద్దుకు ఏడు నెలల ముందు. ఆ రెండూ ఒకటి కాదు.

ఎన్జీవోస్ కాలనీ
తెచ్చింది అప్పుడైతే, జనం వాడింది ఎప్పటి నుంచి? మీ పార్టీ కళ్ళద్దాలు తీసి చూడండి.

సింగరేణి బిడ్డ, భూపాలపల్లి
నాకు ఏ పార్టీ లేదు. లైన్లో నిలబడ్డ కాళ్ళున్నాయి. మాట మర్యాదగా ఉండాలి.

రిటైర్డ్ బ్యాంకు, నక్కలగుట్ట
పిల్లలూ, కొట్లాడకండి. ముప్పై రెండేళ్ళు కౌంటర్లో కూర్చున్నవాణ్ణి, ఒక ముక్క చెబుతాను. యూపీఐ మీద వ్యాపారి దగ్గర రుసుము తీసుకోవద్దని 2020 జనవరి నుంచి నియమం. కానీ ఖర్చు లేని పని లోకంలో లేదు. సర్వర్లు, మనుషులు, మోసాలు పట్టే వ్యవస్థ, ఇవన్నీ ఎవరో భరిస్తున్నారు. చిన్న వ్యాపారులకు 2,000 లోపు వచ్చే చెల్లింపుల మీద 2024-25లో కేంద్రం బ్యాంకులకు 0.15 శాతం ఇచ్చింది, దానికి 1,500 కోట్లు కేటాయించారు. అది చాలదని బ్యాంకుల మొర. రిజర్వు బ్యాంకు గవర్నరే 2025లో ఈ ఖర్చు ఎవరో ఒకరు భరించక తప్పదన్నారు. నా భయం ఏంటంటే, ఏటీఎంలు తగ్గి, చిల్లర దొరకక, అందరూ ఫోన్‌కు అలవాటు పడ్డాక రుసుము మొదలుపెడితే చిన్న దుకాణం వెనక్కి పోలేదు. ఇప్పటికే ఉచిత పరిమితి దాటితే ఏటీఎంలో ఒక్కసారి తీసినందుకు 23 రూపాయల దాకా.

తాడ్వాయి బంగారం కొట్టు
మేడారం జాతరకు రండి, నగదు ఎందుకు ఉండాలో చూపిస్తా. 2024 జాతరలో, బంగారం అని పిలిచే బెల్లం బుట్టలు పెట్టుకుని నాలుగు రోజులు కూర్చున్నాం. జనం పెరిగేకొద్దీ సిగ్నల్ లేదు. స్కాన్ చేస్తారు, వాళ్ళ ఖాతాలో కట్ అవుతుంది, మాకు రాదు. అమ్మవారికి ఇచ్చే బంగారం దగ్గర బేరం, తగువు ఏం బాగుంటుంది? పోనీలే అని ఇచ్చేశాం. ఇంటికొచ్చి చూసుకుంటే పదకొండు వేలు తేడా.

జగిత్యాల – షార్జా
నేను పదేళ్ళుగా గల్ఫ్‌లో ఉన్నాను. 2023లో యూఏఈ, సౌదీ, ఖతార్ నంబర్లతో కూడా ఎన్నారై ఖాతాకు యూపీఐ పెట్టుకోవచ్చన్నారు. అంతకుముందు ఇండియా సిమ్‌ను ఓటీపీ కోసమే రీచార్జి చేసుకుంటూ బతికించేవాణ్ణి. ఇప్పుడు అమ్మ మందుల షాపుకు పోయి వీడియో కాల్‌లో స్కానర్ చూపిస్తే నేను ఇక్కడి నుంచి కొడతాను. మీరు తీసేస్తామంటుంటే బాధగా ఉంది. మా ఊరి మందుల షాపు ఆయన మాత్రం తీయకూడదు.

కిషన్‌పుర కిరాణా
లెక్కల సార్, మీరు చెప్పిన 20 లక్షల్లో చిట్టీ పైసలు కూడా లెక్కిస్తారా? ఇంకోటి, నేను విడిగా అమ్మే బియ్యానికి పన్ను లేదు కదా, దాన్ని తీసేసి చూసుకోవచ్చా?

లెక్కల మనిషి, రంగశాయిపేట
చిట్టీ, చేబదులు, కౌలు మీ దుకాణం అమ్మకం కాదు. కానీ అది నిరూపించాల్సింది మీరే, అందుకే చిట్టీ పుస్తకం, కౌలు కాగితం, ఎవరు ఎప్పుడు పంపారో అన్నీ దాచండి. దుకాణానికి వేరే ఖాతా ఈ వారమే తెరవండి. బియ్యం సంగతి వేరు. పూర్తిగా పన్ను లేని సరుకే అమ్మితే, అంటే కూరగాయలు, పాలు లాంటివి మాత్రమే అయితే, ఎంత అమ్మినా రిజిస్ట్రేషన్ వద్దు. బియ్యంతో పాటు సబ్బులు, బిస్కెట్లు అమ్మితే మాత్రం బియ్యం అమ్మకం కూడా 20 లక్షల లెక్కలో కలుస్తుంది. ఇంకో మాట. నగదు అమ్మకం కూడా అమ్మకమే. స్కానర్ తీసేస్తే లెక్క తగ్గదు, కనపడకుండా పోతుందంతే, దొరికినప్పుడు ఇంకా ఇబ్బంది. 1.5 కోట్ల లోపు వ్యాపారానికి కాంపోజిషన్ స్కీము అని తేలిక పన్ను పద్ధతి ఉంది. కిరాణాకు పన్ను పడే సరుకు అమ్మకం మీద 1 శాతం, మూడు నెలలకోసారి కడతారు. గిరాకీ దగ్గర విడిగా పన్ను వసూలు చేయకూడదు. హోటళ్ళకు అదే స్కీములో 5 శాతం. రిజిస్ట్రేషన్‌కు ముందు ఏళ్ళకు ఈ స్కీము వర్తించదు, ఆ ఏళ్ళ పన్ను అధికారులు అడిగితే మామూలు రేట్లే. కాబట్టి ఆలస్యం చేయకండి.

పోచమ్మమైదాన్ టిఫిన్స్
5 శాతమా! ప్లేటు ఇడ్లీ 30కి అమ్ముతుంటే రూపాయిన్నర పోతుంది. నూనె ఎంతుందో తెలుసా సార్?

కాజీపేట జంక్షన్
కోడర్ తమ్ముడూ, ఖాతా ఆపితే 1930కి ఫోన్ చేయాలా?

మడికొండ కోడర్
1930 డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు ఫిర్యాదు చేసే నంబరు అన్నా. ఖాతా ఆగితే ముందు బ్యాంకులో ఫిర్యాదు నంబరు, ఏ స్టేషనో, ఎంత మొత్తం మీద అనేది రాతపూర్వకంగా తీసుకోవాలి. తర్వాత ఆ రోజు అమ్మకం బిల్లు, మీ దుకాణం లైసెన్సు ఆ స్టేషన్‌కు పంపాలి. అక్కా, మీ ఆధారాలు ఉంటే చెప్పండి, ఉత్తరం నేను రాసిపెడతాను, పైసలేం వద్దు.

పోచమ్మమైదాన్ టిఫిన్స్
నాది విడిపించుకున్నా తమ్ముడూ. మా పక్క జిరాక్స్ షాపు పిల్లగాడిది పోయిన వారం ఆగింది. వాడిని పంపిస్తా, సాయం చెయ్యి.

కిషన్‌పుర కిరాణా
నిన్న రాత్రి మా ఆవిడ, నేను ఖాతా కాగితాలు ముందేసుకుని కూర్చున్నాం. చిట్టీ, కౌలు, చేబదులు తీసేస్తే 22 లక్షలు. నగదు గల్లా ఇంకో ఎనిమిదిన్నర ఉంటుంది. బియ్యం, పప్పులు, గుడ్లు, పాలు పక్కన పెడితే పన్ను పడేది 20 లక్షల దాకా, అంటే ఏడాదికి 20 వేలు. కష్టమే, కానీ నోటీసు భయం కన్నా నయం. సోమవారం లెక్కల సార్ దగ్గరికి వస్తున్నా, స్కానర్ ఉంచుతున్నా. సౌండ్ బాక్స్ 125 సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

తాడ్వాయి బంగారం కొట్టు
మాది వెనక్కి తీసుకుపొమ్మని యాప్‌లో రిక్వెస్ట్ పెట్టి రెండు నెలలైంది. ఎవరూ రాలేదు, కట్ అవుతూనే ఉంది. ఎవరికైనా ఆగిందా?