ఏకపాణమా, ఏకపణమా?

పాదం వెతికేవారు: మహాభారతంలో నలుడు, తన రాజ్యాన్ని జూదంలో గెలుచుకున్న తమ్ముడు పుష్కరుణ్ణి మళ్ళీ జూదానికి పిలిచేటప్పటి "ఏకపాణేన భద్రం తే ప్రాణయోశ్చ పణావహే" (నీకు శుభం, ఏకపాణంతో మన ప్రాణాలనూ పందెం కాద్దాం) నాలుగు రోజులుగా నోట్లో నానుతోంది. "పా"కు దీర్ఘం నిజంగా ఉందా, లేక తరువాత వచ్చే "ప్రాణ" వల్ల నా నాలుకే సాగదీస్తోందా?

ఛందోభిమాని: దీర్ఘం ఉండి తీరాలి. హ్రస్వం చేస్తే రెండో అక్షరమూ మూడో అక్షరమూ లఘువులై ఈ శ్లోకపు ఛందస్సు, అనుష్టుప్పు, చెడుతుంది. పాణమన్నా పందెమే.

శ్రీనాథప్రియ: ఈ ఘట్టానికి శ్రీనాథుడి సీసం ఒకటి ఉండాలి, గుర్తు రావడం లేదు.

ఛందోభిమాని: గుర్తు రాదు లెండి, శృంగారనైషధం జూదం దాకా రానే రాదు. నన్నయ దగ్గరికి వెళ్ళండి.

లెక్కల మాస్టారు: అసలు చిక్కు అర్థంలో ఉంది. కొందరు "ఒక్క పందెం" అంటారు, కొందరు "పాచిక ఒక్కసారి వేయడం" అంటారు. నేను మొదటి పక్షం. అయోధ్య రాజు ఋతుపర్ణుడిచ్చిన అక్షహృదయం, అంటే పాచికల రహస్యవిద్య, వల్ల నలుడి గెలుపు నూటికి 60 పాళ్ళని అనుకుందాం. అప్పుడు 100 రూపాయలు ఒడ్డితే సగటున 20 లాభం. అయినా ఉన్నదంతా ప్రతిసారీ ఒడ్డుతూ 10 ఆటలు ఆడితే, సగటు సొమ్ము 6 రెట్లు దాటుతుంది గానీ, వెయ్యిమందిలో సుమారు 994 మంది వట్టి చేతులతో లేస్తారు. మిగిలిన ఆరుగురి 1,024 రెట్లే ఆ సగటును మోస్తాయి. అందుకే అనుకూలమైన ఆటలో తెలిసినవాడు కొద్దికొద్దిగా ఒడ్డుతూ ఎక్కువసార్లు ఆడతాడు. ప్రాణంతో సహా ఒక్క పందెంలో పెట్టాడంటే నలుడికి అబ్బింది 60 పాళ్ళ విద్య కాదు, నూటికి నూరు.

బాహుకపక్షం: ఒప్పుకోను. తన విద్యకు నిదర్శనంగా తాండ్రచెట్టు రెండు కొమ్మలకు 2,095 కాయలన్న ఋతుపర్ణుడి లెక్కను బాహుకుడు, అంటే మారురూపంలో ఉన్న నలుడు, పరీక్షించింది ఒక్కసారే. ఒక్క పరీక్షతో నూటికి నూరు ఎక్కడిది? పైగా సగం రాజ్యం వచ్చినందువల్ల నలుడికి ఒరిగేదేమిటి? సొమ్ము వేరు, దాని ప్రయోజనం వేరని గణితవేత్త డానియల్ బెర్నూలీ 1738లోనే అన్నాడు.

లెక్కల మాస్టారు: బెర్నూలీని పిలిస్తే నా వైపే సాక్ష్యం చెబుతాడు. ఉన్నకొద్దీ పై రూపాయి విలువ తగ్గుతుందన్నవాడు సర్వస్వం ఒడ్డమనడు.

పాదం వెతికేవారు: దీర్ఘం సంగతి తేలింది, సంతోషం. అయితే "పణావహే" ద్వివచనం కదా. పందెం కాసేది ఇద్దరైతే ఆ "ఏక" ఎవరిది?