అప్‌డేట్: ఆ 2005 బోర్డో సీసా తెరిచాం

మా బావ ఫ్రాన్స్ నుంచి తెచ్చిన 2005 పంట మెదోక్ (అక్కడి బోర్డో ప్రాంతంలో ఒక భాగం) రెడ్ వైన్, కడప ఎండల్లో మూడేళ్లు బీరువాలోనే ఉంది, తాగొచ్చా పారబోయాలా అని అడిగాను కదా. ఆదివారం తెరిచాం.

మీరు చెప్పినట్టే ముందురోజు నుంచి సీసా నిలబెట్టి ఉంచితే మడ్డి అడుగుకు చేరింది. బిరడా మాత్రం సగంలో విరిగింది, మిగతాది లోపలికి తోసేసి పల్చటి నూలుగుడ్డలో వడకట్టి గాజు జగ్గులో పోశాను. మా అమ్మ చూసి కషాయమా అంది!

రంగు మధ్యలో ముదురుగానే ఉంది గానీ గ్లాసు వంచి తెల్లకాగితం మీద చూస్తే అంచు ఇటుకరంగు. పాత కాబెర్నే (మెదోక్ వైన్‌లో ఎక్కువగా వాడే నల్లద్రాక్ష రకం) వైన్ అంటే ఇలాగే ఉంటుందట, దానికి భయపడక్కర్లేదు. వాసనలో మొదట పొగాకు, తోలు, కాస్త దేవదారు చెక్క. ఇక్కడిదాకా నాకు భలే సంతోషం. కానీ నోట్లో పెట్టుకుంటే పండు తాజాగా లేదు, ఎండుద్రాక్ష ఉడకబెట్టినట్టుంది, అది వయసు వల్ల కాదు, వేడి వల్లే అని నా లెక్క. 12, 13 డిగ్రీల్లో ఉండాల్సింది 40 దాటిన ఊళ్లో పెడితే ఇంకేమవుతుంది. వగరు మాత్రం మెత్తబడింది, నేరేడుపండు తిన్నాక నాలుక పట్టేసినట్టు లేదు.

పావుగంట బాగుంది, అరగంటకు వాసన పోయి పులుపే మిగిలింది. నాటుకోడి పులుసుతో తాగడం ఇంకో పొరపాటు, కారానికి మంట, చేదు రెండూ పెరిగాయి.

పారబోయలేదు. బావకు మాత్రం బ్రహ్మాండంగా ఉందనే చెప్పాను.