ఈ వారం సమస్య: "సరకు దాచఁ గొనిరి జనులు మెచ్చి"

ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇది: సరకు దాచేస్తే జనం మెచ్చి కొన్నారట. ముందు మూడు పాదాలు మీరు రాసి దీనికి అతికించాలి. ఎక్కడ పుట్టిందో చెప్తాను. పోయిన ఆదివారం చెన్నై సెంట్రల్ నుంచి లోకల్ ఎక్కి సూళ్లూరుపేట వెళ్లాను, పెద్దమ్మ వాళ్లింటికి. బజారులో ఒక స్వీటు కొట్టు, గాజు బీరువాకి ముప్పాతిక భాగం తెల్ల గుడ్డ కప్పేసి, ఒకే ఒక్క మైసూర్ పాకు పళ్లెం బయట పెట్టాడు, దాని ముందే జనం. మా ఆఫీసులో (ప్రకటనలు రాసే పని నాది) ఒక బట్టల వ్యాపారి కోసం మొదటి పేజీలో నలభై బొమ్మలు కుక్కి, ఎవరూ చూడటం లేదేమిటా అని రెండు నెలలుగా టెన్షన్ పడుతున్నాం. ఆ గుడ్డ చూశాక నోరు పడిపోయింది. పూరించండి.

బెంగళూరు జయనగర్ నుంచి:

గడ్డిలోన మాగు గంపలో పండ్లుండ
పైనఁ గోసి యుంచె పండు నొకటి
వాసనల్లుకొనఁగ వచ్చి చుట్టునుఁ జేరి
సరకు దాచఁ గొనిరి జనులు మెచ్చి

మాది కోలారు జిల్లా శ్రీనివాసపురం. మామిడికాయల సీజన్‌లో మా ఊళ్లో గంపలన్నీ ఇలాగే ఉంటాయి సార్, ఊహించి రాసింది కాదు.

నా మాట: గణాలు (పాదంలో అక్షరాల గుంపులు), యతులు (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) శుభ్రం. "దాచ" అన్నమాటకి గడ్డి భలే దొరికింది, మాగబెట్టడానికి ఎలాగూ గడ్డి వేస్తారు కాబట్టి దాచడం మోసం కాలేదు. కాకపోతే "ఉంచె" ఎవరు? కర్త లేడు.

జయనగర్: రెండో పాదంలో ఉన్నవే ఐదు చిన్న గణాలు (సూర్యగణాలు), వాటిలో అమ్మేవాణ్ణి కూడా ఎక్కించమంటే ఎలా సార్!

చెన్నై టీ.నగర్ నుంచి:

మడత విప్పలేదు మగువల చూపంత
బొమ్మ కట్టు కోక మీదె నిలిచె
చిక్కె; లోని దేమి చెప్పుమన్నారంత
సరకు దాచఁ గొనిరి జనులు మెచ్చి

వెంకటగిరిలో చూశాను. చీరలన్నీ బీరువాలో, గుమ్మంలో బొమ్మకి మాత్రం ఒక జాందానీ. ఇక్కడ రంగనాథన్ వీధిలో మెడ మీద పడేలా వేలాడదీస్తారు, ఏదీ చూడబుద్ధి కాదు.

నా మాట: చెల్లీ, భావం నాకు బాగా నచ్చింది, అందుకే వదలను. రెండో పాదంలో "బొ"కి నాలుగో గణం "మీ"తో యతి కుదరదు. "నిలిచె", "చిక్కె" రెండూ ఒకే పని చేస్తున్నాయి, ఒకటి తీసెయ్యి. "అన్నారు" వాడుక మాట, పక్కన "కొనిరి" ఉండగా పొసగదు. ఇలా చేస్తే:

మడత విప్పలేదు మగువల చూపంత
బొమ్మ కట్టు కోక పువ్వులందు
చిక్కె, లోని దేమి చెప్పుమనిరి యంత
సరకు దాచఁ గొనిరి జనులు మెచ్చి

టీ.నగర్: పువ్వులందు చిక్కె! నేనే రాశానని చెప్పుకుంటాను అన్నయ్యా.

మైలాపూర్ మామయ్య: పద్యం రాయను, పేచీ పెడతాను. దాస్తేనే అమ్ముతుందా? చిక్ షాంపూ 1983లో కడలూరులో మొదలైంది, పొట్లాలమ్మి పెద్దదైంది. చిల్లర కొట్టు గుమ్మానికి ఆ పొట్లాల దండలు వేలాడుతుంటేనే కదా పల్లెలో కొన్నారు. చూపించడమే వ్యాపారం.

నా మాట: మామయ్యా, ఆ దండల వెనక కొట్లో ఏముందో ఎప్పుడైనా కనిపించిందా మీకు? వంగి, తల లోపల పెట్టి అడగాల్సిందే. కొట్టంతా దాచేసింది ఆ దండలే.

మామయ్య: ఇది అవధానం కాదు, వితండవాదం.

బెంగళూరు మారతహళ్లి నుంచి:

ఉప్పు కొరత యంచు నూరంత గోలయ్యె
ధరలు రెండు రెట్లు దాటి పోయె
కొట్టువాని నవ్వు కోటి దీపమ్ములు
సరకు దాచఁ గొనిరి జనులు మెచ్చి

నా మాట: మూడో పాదానికి వీరతాడు. కానీ "మెచ్చి" గాల్లో ఉండిపోయింది. రెట్టింపు ధరకి ఉప్పు కొన్నవాడు మెచ్చుకుంటాడా?

మారతహళ్లి: "మెచ్చి" తీసి "తిట్టి" పెట్టండి, అదీ గలమే (ఒక గురువు, ఒక లఘువు), గణం చెడదు.

నా మాట: సమస్యనే మార్చేస్తే పూరించేదేముంది తమ్ముడూ! బుధవారం దాకా టైముంది, మళ్లీ రాయి.