కచ్ కళల పల్లెలు: రణ్ ఉత్సవ్ టెంట్లలో దిగాలా, భుజ్‌లో బస చేసి తిరగాలా?

చింతచిగురు
జనవరి ఆఖర్లో నాలుగు రాత్రులు. మనుషులం నలుగురం, అందులో ఇద్దరికి డెబ్బై దాటాయి. చూడాల్సింది ముఖ్యంగా పనితనం: అజ్రఖ్ (చెక్క అచ్చుల) అద్దకం, రోగన్ (ఆముదపు బంకతో బట్ట మీద వేసే బొమ్మలు), భుజోడీ నేత. రణ్, అంటే ఉప్పు పేరిన తెల్ల ఎడారికి ఒక సాయంత్రం చాలు. రణ్ ఉత్సవ్ జరిగే ధోర్డోలో టెంట్ సిటీ ప్యాకేజీ తీసుకోండి, సుఖంగా ఉంటుందని కొందరు, దాని జోలికే పోవద్దని ఇంకొందరు. తెలిసినవాళ్లు తేల్చండి.

నూలుపోగు
మ్యాప్ తెరిస్తే సగం జవాబు దొరుకుతుంది. భుజోడీ భుజ్‌కి ఎనిమిది కిలోమీటర్లు. అజ్రఖ్ అద్దే అజ్రఖ్‌పూర్ పదిహేను లోపే, అదీ తూర్పు వైపే. రోగన్ ఊరు నిరోనా వాయవ్యంగా నలభై. ధోర్డో మాత్రం ఉత్తరాన ఎనభై దాటి. టెంట్లలో పడుకుని అజ్రఖ్‌పూర్ చూడాలంటే రోజంతా కార్లోనే. ఎండబెట్టే పని కాబట్టి అద్దకం పొద్దున్నే మొదలవుతుంది. ధోర్డోలో టిఫిన్ చేసి బయల్దేరేవాళ్లు చేరేసరికి అచ్చులేసే బల్లల దగ్గర భోజనాల వేళ అవుతుంది.

భుజ్‌లో నాలుగు రాత్రులు ఉండండి. రణ్‌కి ఒక సాయంత్రం వెళ్లి రండి.

గోదారిగట్టు
అందరికీ ఒకే మందు రాయకండి. 2005లో మొదలైనప్పటి సంగతి వేరు, ఇప్పుడు టెంట్ సిటీలో పెద్దవాళ్లకి ఏ లోటూ ఉండదు. భుజ్ స్టేషన్ నుంచి బస్సు, శాకాహార భోజనం, రాత్రి పాటలు అన్నీ ప్యాకేజీలోనే. డెబ్బై దాటినవాళ్లు సూర్యాస్తమయం చూసి, చీకట్లో ఎనభై కిలోమీటర్లు వెనక్కి రావడం మీకు తేలికా? పైగా ఉత్సవం బజార్లో బన్నీ (రణ్ అంచు గడ్డి భూముల) పల్లెల కుట్టుపని చేసేవాళ్లు స్వయంగా కూర్చుంటారు. ఏడాది సంపాదనలో పెద్ద వాటా ఆ ఉత్సవం నెలలదే. దాన్ని సంత అని కొట్టిపారేయడం అన్యాయం.

కసిమి
బజారు మీద నాకు కోపం లేదు. కానీ బజార్లో నీలి తొట్టి ఉండదు కదా. చింతచిగురు గారు అడిగింది పనితనం.

అజ్రఖ్ ఒక్క పూటలో మొదటి నుంచి చివరిదాకా ఎవరికీ కనపడదు, అది రోజుల తరబడి సాగే పని. ఏ దశ చూస్తున్నారో తెలిస్తేనే వెళ్లిన ఫలం. బట్ట ఉడికించి, ఉతికి, కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేస్తారు, పసుపుపచ్చగా తేలుతుంది. మొదటి అచ్చు సున్నం, తుమ్మజిగురు కలిపిన ముద్దతో. అది పడ్డచోట రంగు పట్టదు, చివరికి తెల్ల గీతగా మిగులుతుంది. రెండోది నలుపు. ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరేసి, చింతగింజల పిండితో చిక్కబరుస్తారు. పెడన, కాళహస్తి కలంకారీ వాళ్లకి చెప్పక్కర్లేదు, ఈ నల్ల రంగు మన కసిమే. ఎరుపు రావాల్సిన చోట పటిక, బంకమట్టి, జిగురు ముద్ద వేసి, అది తడిగా ఉండగానే రంపపు పొట్టు చల్లుతారు. నీలిలో ముంచినప్పుడు చెదరకుండా ఉండాలని. తర్వాత నీలి, ఉతుకు, ఆఖర్న ఎరుపు రంగులో ఉడకబెట్టడం. ఆ ఉడుకులో పటిక ఉన్నచోటే ఎరుపు పడుతుంది.

అచ్చులేసే పని దాదాపు రోజూ ఉంటుంది. నీలి ముంచడం, ఎరుపు ఉడకబెట్టడం మాత్రం అద్దిన బట్ట కొంత పోగయ్యాకే చేస్తారు. పైగా పులియబెట్టే నీలి తొట్టి జనవరి చలికి మందగిస్తుంది. రెండు రోజుల ముందే ఫోన్ చేసి "నీలి ఎప్పుడు ముంచుతున్నారు" అని అడిగి, మిగతా ప్రోగ్రాం దాని చుట్టూ వేసుకోండి. టెంట్ ప్యాకేజీలో రోజులు ముందే కట్టేసి ఉంటాయి, ఈ వీలు ఉండదు.

ఉప్పుగాలి
కసిమి గారు చెప్పినదానికి ఒక చేర్పు. ఆ ఊరు అక్కడ ఉండటానికి కారణమే నీళ్లు. అసలు ఊరు ధమడ్కా. 2001 జనవరి 26 భూకంపంలో అది దెబ్బతింది, నీళ్లలో ఇనుము పెరిగి రంగులు చెడిపోవడం మొదలైంది. అందుకే అద్దకం చేసే కొన్ని ఖత్రీ కుటుంబాలు భుజ్ పక్కకి వచ్చి అజ్రఖ్‌పూర్ కట్టుకున్నాయి. ధమడ్కాలో ఇంకా అద్దేవాళ్లున్నారు, అక్కడ రద్దీ తక్కువ. నాలుగు రాత్రులే కాబట్టి ఈసారికి వదిలేయండి.

అజ్రఖ్‌పూర్లోనే ఎల్‌ఎల్‌డీసీ (లివింగ్ అండ్ లెర్నింగ్ డిజైన్ సెంటర్) మ్యూజియం ఉంది. రబారీ, ఆహిర్, సోఢా, ముత్వా తెగల కుట్లు పక్కపక్కన పెట్టి చూపిస్తారు. ముందు అది చూసి పల్లెల్లోకి వెళ్తే ఏది ఎవరి కుట్టో కంటికి ఆనుతుంది. సోమవారం సెలవు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ అజ్రఖ్‌పూర్, నిరోనా ఖత్రీల ఇళ్లలో పని ఆగుతుంది. ఆ పూట భుజోడీకి పెట్టుకోండి.

గోదారిగట్టు
సరే, అజ్రఖ్‌పూర్ సంగతి ఒప్పుకుంటా. నిరోనా మాటేమిటి? రోగన్ చూడటానికి అరగంట చాలదా? దానికోసం సగం రోజు అంటే అతి.

కసిమి
రోగన్ ఒక్కటే అయితే గంట. ఆముదం రెండు రోజులు కాచి చిక్కబరిచే పని ఊరి బయటే జరుగుతుంది, పొగ, మంట భయం ఉంటాయి కాబట్టి. మీరు చూసేది ఆ బంకకి రంగు కలిపి, అరచేతిలో పెట్టుకుని, ఇనుప పుల్లతో దారంలా సాగదీస్తూ బట్ట మీద పరచడం. పుల్ల బట్టని తాకదు, దారమే దిగుతుంది. సగం బొమ్మ గీసి బట్ట మడిచి అద్దితే రెండో సగం పడుతుంది. అయితే అదే ఊళ్లో లోహార్లు (కమ్మరులు) పశువుల మెడ గంటలు చేస్తారు, వాఢా తెగవాళ్లు చెక్క మీద లక్కపని చేస్తారు. గంటకి వెల్డింగ్ ఉండదు. రేకు ముక్కల్ని మడతలో మడత దిగేసి కొడతారు, రాగి పూత పూసి, మట్టి చుట్టి కాలుస్తారు. చివర్న అంచు మీద సుత్తితో తడుతూ స్వరం సరిచేస్తారు. ఆ తట్టడం చూడకుండా కొని వచ్చేయడం అన్నం వదిలి విస్తరి తెచ్చుకున్నట్టే.

నూలుపోగు
కొనుగోలు మాటొచ్చింది కాబట్టి. "అజ్రఖ్ రెండువైపులా ఉంటేనే అసలుది" అని తిరిగే మాట తప్పు. ఒకవైపే అచ్చేసిన అసలు అజ్రఖ్ బోలెడు. అచ్చులు కలిసే చోట చూడండి. చేతి అచ్చు అయితే ఆ అతుకులు ఒక చోట కాస్త ఎడం, ఒక చోట కాస్త ఒరుసుకుని ఉంటాయి. గజాల కొద్దీ అతుకులు ఒకేలా ఉంటే స్క్రీన్ ప్రింటే. ఎరుపుకి కృత్రిమ అలిజరిన్ వాడటం మామూలు. మంజిష్ఠ వేరు రంగు వేసింది కావాలంటే విడిగా అడగాలి, ధరా వేరు.

భుజోడీలో శాలువా అంచు నుంచి ఒక పోగు అడిగి కాల్చండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసనొచ్చి బూడిద నలిగిపోతుంది, యాక్రిలిక్ కరిగి గట్టి పూసవుతుంది. యాక్రిలిక్ అని చెప్పి అమ్మితే తప్పేం లేదు, ఉన్ని ధర తీసుకుంటేనే పేచీ. కాలా కాటన్ గరుకుగా ఉందని వదలకండి, పొట్టి పింజ పత్తి, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది.

బేరం సంగతి: రోడ్డు పక్క షాపులో ఆడండి, మగ్గం ముందు వద్దు. డ్రైవర్‌కి "షాపులకి ఆపొద్దు" అని బయల్దేరేముందే చెప్పాలి, కమీషన్ అక్కడే నడుస్తుంది.

ఉప్పుగాలి
పెద్దవాళ్ల విషయంలో గోదారిగట్టు గారి మాటా కొట్టేయలేం, రాత్రి తిరుగు ప్రయాణం నిజంగానే బరువు. అందుకే మూడు రాత్రులు భుజ్, ఒక రాత్రి హోడ్కా. ఊరివాళ్లే నడిపే బస ఉంది, గుండ్రటి భుంగా ఇళ్లు, ధోర్డో దగ్గరే. పొద్దున ఎనిమిదికి భుజ్ వదిలితే పదకొండున్నర దాకా నిరోనా, భోజనం చేసి నాలుగుకల్లా రణ్ గేటు. పర్మిట్ భిరండియారా చెక్‌పోస్టులో ఇస్తారు, ఆన్‌లైన్‌లోనూ తీసుకోవచ్చు. ప్రతి ఒక్కరి ఐడీ, జిరాక్సు ఉంచుకోండి. క్యూలో ఎలాగూ నిలబడతారు, అక్కడి మావా (పాలకోవా) తినండి. గేటు లోపల బస్సు, ఒంటె బండి ఉంటాయి, పెద్దవాళ్లు నడవక్కర్లేదు. ఉప్పు పొర కింద బురద ఉండొచ్చు, దారి వదిలి లోపలికి పోవద్దు.

పున్నమి రోజులు తప్పించండి, ధరలు, జనం రెండూ పెరుగుతాయి.

గోదారిగట్టు
హోడ్కా అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ భుంగాలో రాత్రి చలి గట్టిగానే ఉంటుంది, ఉన్ని బట్టలు మర్చిపోకండి. టెంట్ సిటీ అయితే ఈ బాధ తక్కువ అని ఇప్పటికీ అంటాను.

చింతచిగురు
అయితే భుజ్ మూడు, హోడ్కా ఒకటి. ఇదే ప్రయాణం దీపావళి సెలవుల్లో పెట్టుకుంటే చలి తప్పుతుంది కదా?

నూలుపోగు
వద్దు. దీపావళి నుంచి లాభ్ పంచమి (తర్వాత వచ్చే పంచమి) దాకా గుజరాత్‌లో చాలా షాపులు, వర్క్‌షాపులు మూసే ఉంటాయి. అప్పటికి రణ్‌లో నీళ్లూ పూర్తిగా ఇంకవు. జనవరే ఉంచండి. ముంబై నుంచి కచ్ ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే పొద్దునకి భుజ్, టికెట్లు మాత్రం ఇప్పుడే చూడండి.