సమస్య: నిప్పులోన నీరు నిలిచి యుండె

నిర్వాహకులు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాం. హైడ్రాక్సైడ్ ఖనిజాలు (వేడికి నీరుగా బయటపడే అంశం ఇమిడిన ఖనిజాలు) అధిక పీడనంలో ఎలా కరుగుతాయో, ఎలా విడిపోతాయో పూరణలో కనబడాలి.

పుటపాకం:
పుటము వేడి పెరుగ బ్రూసైటు విడిపోవు
మూత పెట్టి యదుమ ముక్క చెడదు
వేయి బార్లలోన వేడికిన్ నిలువఁగా
నిప్పులోన నీరు నిలిచి యుండె

శిలాక్షరి: విషయం సరైనదే. బ్రూసైట్ అంటే మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఖనిజం; దాని బరువులో దాదాపు 31 శాతం నీరు. ఆరుబయట 350 డిగ్రీల దగ్గరే ఆ నీరు ఆవిరై పోయి మెగ్నీషియం ఆక్సైడ్ మిగులుతుంది. ఒత్తిడి పెంచితే ఆ విచ్ఛేదన ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది. కానీ ‘మూత పెట్టి’ చాలదండీ. ప్లాటినం గొట్టం రెండు చివరలూ వెల్డింగ్ చేయాలి. ప్రయోగానికి ముందూ తర్వాతా తూచాలి. బరువు తగ్గితే కారినట్టే, ఆ ఫలితం పారేయాలి. ‘మూతి యతికి యదుమ’ అంటే గణాలూ యతీ చెడవు. ఇంకో చిక్కు ఉంది: నిదానంగా చల్లారిస్తే విడిపోయిన ఆక్సైడు, నీరు మళ్లీ కలిసి బ్రూసైట్ అవుతాయి. అసలు విడిపోలేదని పొరబడతాం. గభాలున చల్లార్చాలి.

సున్నపుబట్టి:
సున్నమొకటె కరుగు చోద్యంబు గనరండు
ప్లాటినంపు గొట్టపాత్ర లోన
ఆవిరగుట కింత యవకాశ మీకున్న
నిప్పులోన నీరు నిలిచి యుండె

యతిప్రియ: చదవగానే మనసుకు హత్తుకుంది. ‘ఆవిరి + అగుట’ దగ్గర సంధి కుదరదు, యడాగమం రావాలి. ‘ఆవిరియగునట్టి యవకాశ మీకున్న’ అనండి.

శిలాక్షరి: ‘ఒకటె’ తప్పు. మరో హైడ్రాక్సైడ్ కాస్టిక్ సోడా బయటే 318 డిగ్రీలకు కరుగుతుంది. విరిసిన సున్నం (కాల్షియం హైడ్రాక్సైడ్) గొప్ప వేరు: బయట కరగకముందే విడిపోతుంది, 1000 బార్ల ఒత్తిడిలో (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు వెయ్యి రెట్లు) మాత్రం సుమారు 830 డిగ్రీల దగ్గర విడిపోకుండా కరుగుతుంది. పొడి తాజాగా ఉండాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చి అందులో కాల్సైట్ (కాల్షియం కార్బొనేట్) చేరితే, అదే ఒత్తిడిలో 650 ప్రాంతంలోనే ద్రవం మొదలవుతుంది. శిలాశాస్త్రవేత్తలు వైలీ, టటిల్ 1960లో కార్బొనటైట్ల (ఎక్కువగా కార్బొనేట్ ఖనిజాలున్న అగ్నిశిలల) పుట్టుకకు చూపిన ఆధారం ఈ తక్కువ ఉష్ణోగ్రత ద్రవమే. మనకు కావలసింది శుద్ధ సున్నం కొలత గనుక గొట్టాన్ని తేమలేని ఆర్గాన్ వాయువున్న పెట్టెలో నింపడం మేలు.

లోతుగుండె:
ఒత్తు మరియు పెరుగ నోర్చుట తగ్గును
నీరు నొక్కుడు వడి నెలవు తగ్గ
అంతవరకె గాదె యా రాతి గుండెలో
నిప్పులోన నీరు నిలిచి యుండె

శిలాక్షరి: ఈ మూడింటిలో నా ఓటు దీనికే. ఒత్తిడి ఎల్లప్పుడూ ఖనిజానికే కొమ్ము కాయదన్న సంగతి పట్టారు. ఒక మోల్ (పదార్థాన్ని లెక్కించే ప్రమాణం) బ్రూసైట్ 24.63 ఘన సెంటీమీటర్లు, ఆక్సైడ్ 11.25. తేడా 13.38. మామూలు నీరు ఒక మోల్ 18 ఘన సెంటీమీటర్లు, ఆవిరైతే ఎన్నో రెట్లు. అందుకే మొదట ఒత్తిడి విచ్ఛేదనను అడ్డుకుంటుంది. కొన్ని గిగాపాస్కల్‌లకు (ఒక గిగాపాస్కల్ పదివేల బార్లు) నీరు నలిగి ఆ తేడా కంటే తక్కువ చోటులో ఇమిడితే, విడిపోవడమే ఒత్తిడికి అనుకూలం. ఒత్తిడితో విచ్ఛేదన ఉష్ణోగ్రత మారే గ్రాఫు అక్కడే వెనక్కి తిరుగుతుంది. ఘనపదార్థాలూ కొంత నలుగుతాయి కాబట్టి 13.38ని కచ్చితమైన గీతగా తీసుకోకండి.

యతిప్రియ: ‘పెరుగ నోర్చుట’లో ఒ–ఓ యతి చక్కగా కుదిరింది. ‘మరియు’ బదులు ‘మఱియు’ రాయండి.