బ్యాడ్మింటన్ డబుల్స్‌కి రాకెట్: బరువెంత, గట్టింగ్ (తీగల అల్లిక) ఎంత బిగించాలి?

ప్రశ్న: వారానికి నాలుగు రోజులు ఇండోర్‌లో డబుల్స్, నైలాన్ షటిల్. రాకెట్ బరువు 3యూ తీసుకోవాలా, 4యూనా? షాపులో గట్ 28 పౌండ్లు బిగిస్తామంటున్నారు, సరేనా?

జవాబు 1: 4యూ తీసుకోండి. అంటే 80 నుంచి 84.9 గ్రాములు, 3యూ అయితే 85 నుంచి 89.9. డబుల్స్‌లో నెట్ దగ్గర రాకెట్ చటుక్కున పైకి లేవాలి కదండీ, ఆ ఐదు గ్రాములు అక్కడే తెలుస్తాయి. 28 మాత్రం వద్దే వద్దు. బిగుతు పెరిగేకొద్దీ స్వీట్ స్పాట్, అంటే షటిల్ తగిలితే దెబ్బ బాగా పడే మధ్య భాగం, చిన్నదవుతుంది. కాస్త పక్కన తగిలినా షటిల్ సగం దూరంలోనే పడిపోతుంది, అదురంతా మోచేతికి ఎక్కుతుంది. 22-23 చాలు. యోనెక్స్ బీజీ65 గట్ 0.70 మి.మీ. మందం, త్వరగా తెగదు. ఫ్రేమ్ మీద రాసిన గరిష్ఠ పౌండ్లు కూడా ఓసారి చూసుకోండి.

జవాబు 2: గట్ ఒక్కటి తెగినా మిగతావి అలా వదిలేయకండి. బిగుతు ఒకవైపే లాగి ఫ్రేమ్ వంకరపోతుంది. అక్కడికక్కడే కత్తెరతో మధ్యలో మొదలుపెట్టి, ఒక నిలువు, ఒక అడ్డం చొప్పున అంచులదాకా కోసేయండి.

జవాబు 3: నైలాన్ షటిల్ కొనేటప్పుడు కార్క్ చుట్టూ ఉన్న రంగు పట్టీ చూడండి: ఆకుపచ్చ నెమ్మది, నీలం మధ్యస్థం, ఎరుపు వేగం. మే ఎండల్లో గాలి పలచబడి షటిల్ ఎక్కువ దూరం పోతుంది, అప్పుడు ఆకుపచ్చే సరి.

ఇంకొకటి, రన్నింగ్ షూస్‌తో కోర్టులోకి దిగకండి. మడమ కింద ఫోమ్ ఎత్తుగా ఉంటుంది, పక్కకి అడుగేస్తే చీలమండ మడతపడుతుంది. గమ్ సోల్ (పట్టున్న రబ్బరు అడుగు) ఉన్న, కోర్టు మీద మరకలు పడనివ్వని నాన్ మార్కింగ్ షూస్ కావాలి. రాకెట్ కన్నా ముందు డబ్బు వాటికే పెట్టండి.