ద్వీపం మునుగుతోందని మనుషుల్ని తరలిస్తే అది రక్షణేనా?

ఉప్పుగాలి:
2024 జూన్‌లో పనామాలోని గార్డి సుగ్దుబ్ ద్వీపం నుంచి గునా అనే ఆదివాసీ తెగకు చెందిన దాదాపు 300 కుటుంబాలు ఒడ్డు మీద కట్టిన ఇస్బెర్‌యాలాకు మారాయి. అందరూ శభాష్ అన్నారు, నాకు మాత్రం మింగుడుపడలేదు. కర్రగోడల ఇంట్లో ఊయల కట్టుకుని పడుకుని, గుమ్మం దిగి నాలుగడుగులు వేస్తే పడవెక్కే మనుషులు వాళ్లు. వరసగా సిమెంటు ఇళ్లు కట్టిచ్చి కాపాడామంటే సరిపోతుందా?

ఎదురీత:
వాళ్లనెవరూ వెళ్లగొట్టలేదండీ. మారదామని 2010లో ఊరే అనుకుంది. సముద్రం ఒక్కటే కాదు, ఇరుకు కూడా కారణం. ఇళ్లు కట్టడంలో ఏళ్లకేళ్లు నాన్చింది ప్రభుత్వం. మేం రాము అన్నవాళ్లు ఇప్పటికీ ద్వీపంలోనే ఉన్నారు. ఊయల కొత్తింట్లోనూ కట్టుకోవచ్చు. కదిలితే సంస్కృతి పోతుందనేది నీళ్లు ఇంట్లోకి రానివాళ్ల బెంగ.

ఉప్పుగాలి:
సరే, పసిఫిక్‌లోని బనాబా ద్వీపం సంగతేమంటారు? ఫాస్ఫేట్ కోసం ఆ ద్వీపాన్ని తవ్విపోసిన బ్రిటిష్‌వాళ్లు, 1945లో ఆ జనాన్ని ఫిజీలోని రాబీ ద్వీపానికి చేర్చారు. జపాన్ సైన్యం మీ ఇళ్లు కూల్చేసింది, అక్కడ ఉండలేరని చెప్పారు. రాబీని కొన్నది కూడా బనాబన్ల ఫాస్ఫేట్ డబ్బుతోనే! తవ్వకం 1979 దాకా సాగింది. ‘మీ మంచికే’ అన్న మాట వింటే అందుకే నాకు ఒళ్లు మండుతుంది.

చట్టంచూపు:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. 1951 శరణార్థుల ఒప్పందంలో శరణు ఇవ్వాల్సిన కారణాల్లో సముద్రం ముంచడం లేదు. పసిఫిక్ ద్వీపదేశం కిరిబాటి నుంచి వచ్చి, సముద్రం పెరుగుతోందని శరణు కోరిన ఇయోవానే టెయిటియోటాను న్యూజిలాండ్ 2015లో తిప్పి పంపేసింది. ఐరాస మానవ హక్కుల కమిటీ అందులో తప్పు పట్టలేదు, కానీ మున్ముందు ఇలా పంపడం జీవించే హక్కుకు భంగం కావచ్చంది. అదే కమిటీ 2022లో ఆ దేశపు ఉత్తర అంచున ఉన్న టోరెస్ జలసంధి ద్వీపవాసుల కేసులో ఆస్ట్రేలియాను తప్పుపట్టింది: వాళ్ల ఇంటినీ సంస్కృతినీ కాపాడలేదని. అంటే ఉన్నచోట సముద్రానికి అడ్డంగా గోడ కట్టించుకోవడమూ హక్కే. ముందు అది అడగాలి, లారీలూ పడవలూ తర్వాత.

ఎదురీత:
గోడ ఎన్నాళ్లు ఆగుతుంది సార్? పపువా న్యూగినీలోని కార్టెరెట్ దీవుల్లో చేమదుంప గుంతల్లోకి ఉప్పునీరు దిగింది. గోడ దాన్ని ఆపదు. అక్కడివాళ్లు ఉర్సులా రకోవా ముందుండగా ‘తులెలే పెయిసా’ అనే సంస్థ పెట్టుకున్నారు. అంటే సొంతంగా అలల మీద ప్రయాణం. దగ్గర్లోని పెద్ద ద్వీపం బోగన్‌విల్‌లో చర్చి ఇచ్చిన స్థలంలో తోటలు వేశారు. బనాబా విషయం ఒప్పుకుంటా. అక్కడ అబద్ధం చెప్పి పంపారు. ఇక్కడ వాళ్లే కదిలారు. రెంటినీ ఒకే గాటన కట్టకండి.

ఉప్పుగాలి:
కట్టను. కానీ చర్చి స్థలం ఇవ్వకపోయుంటే?